స్విఫ్ట్ ముందు బ్రేక్ ప్యాడ్లు: మూడు రకాలు అరగదీశాక

స్విఫ్ట్‌కి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకే వస్తుంది కాబట్టి ఇంట్లో మార్చుకోవాల్సింది ఎక్కువగా ముందు ప్యాడ్లే. కంపెనీ సెట్టు, బజారులో దొరికే పేరూ ఊరూ లేని చవక సెట్టు, సెరామిక్ సెట్టు మూడూ ఇదే కారులో అరిగేదాకా వాడాను. ప్యాడ్ రకం మార్చినప్పుడు కనపడ్డ తేడా కంటే స్లైడ్ పిన్లు (ప్యాడ్లను డిస్కుకి నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరిగే కడ్డీలు) శుభ్రం చేసినప్పుడు కనపడ్డ తేడాయే పెద్దది.

చవక సెట్టుతో మొదటి ఇబ్బంది చప్పుడు. ప్యాడ్ వీపున చప్పుడు తగ్గించడానికి ఉండాల్సిన షిమ్ రేకు అందులో లేదు, అంచులు ఏటవాలుగా చెక్కి లేవు. నెమ్మదిగా ఆగేటప్పుడు కీచుమనేది. రెండోది, ఘాట్ దిగుతుంటే వేడెక్కి పెడల్ మీద ఇంకా బలంగా తొక్కాల్సి రావడం. కొనేటప్పుడు ప్యాడ్ అంచు చూడండి, చాలా సెట్ల మీద రెండక్షరాల ఘర్షణ గుర్తు ఉంటుంది. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టుకి, రెండోది బాగా కాగినప్పటి పట్టుకి. ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జి' అంటే 0.45 నుంచి 0.55. చిన్న కారుకి ఎఫ్ఎఫ్ చాలు. రెండో అక్షరం 'ఈ' అయితే తిరుమల, అరకు లాంటి దారులకు నేనైతే తీసుకోను.

సెరామిక్ శుభ్రమైనది, అల్లాయ్ చక్రాల మీద నల్లపొడి చాలా తక్కువ. సిటీ ట్రాఫిక్‌లో ఆగే దూరంలో మాత్రం నాకు తేడా తెలియలేదు. ఎక్కువ డబ్బు చక్రాల తళతళకే పోయిందనుకోవాలి. కంపెనీ సెట్టు పొడి ఎక్కువ రాలుస్తుంది, కానీ షిములు, అరుగుదల చెప్పే రేకు పద్ధతిగా ఉంటాయి.

అసలు పని గంటన్నర. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, బండి నేల మీద ఉండగానే వీల్ నట్లు 19 స్పానర్‌తో కాస్త వదులు చేయాలి. జాకీ ఎత్తాక కింద స్టాండు పెట్టాల్సిందే. ఒట్టి జాకీని నమ్మి చెయ్యి పెట్టొద్దు. కాలిపర్ కింది బోల్టు విప్పి పైకి తిప్పితే ప్యాడ్లు చేతికొస్తాయి. బోల్టుతో పాటు పిన్ను కూడా తిరుగుతుంటే దాన్ని సన్నటి స్పానర్‌తో పట్టుకోవాలి. కాలిపర్ మొత్తం ఊడదీస్తే తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టండి, బ్రేక్ ఆయిల్ వచ్చే హోస్ మీద వేలాడదీస్తే లోపల దెబ్బతింటుంది.

పాత ప్యాడ్లు పారేయకండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. లోపలి ప్యాడ్ 2 మిల్లీమీటర్లకు వచ్చి బయటిది 6 దగ్గరే ఉంటే పిన్ను బిగుసుకుపోయిందని అనుమానించాలి. ఒకే ప్యాడ్ ఒక కొసన పలచగా, మరో కొసన మందంగా ఉన్నా మొదటి అనుమానం పిన్ను మీదే. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో తుప్పు బాధ మరీ ఎక్కువ. పిన్ను లాగి, తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు తొడుగు ఉబ్బి పిన్ను ఇంకా బిగుసుకుంటుంది. ప్యాడ్లను పట్టి ఉంచే క్లిప్పులు కూర్చునే చోట తుప్పు పొర కడుతుంది. వైరు బ్రష్‌తో గీకితే కొత్త ప్యాడ్ వేలితో నెట్టగానే జరగాలి. సుత్తితో కొట్టి దూర్చాల్సి వస్తోందంటే గీకడం చాల్లేదన్నమాట. ఆ పొడిని నోటితో ఊదొద్దు, బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడవండి.

కొత్త ప్యాడ్లకు చోటు చేయడానికి కాలిపర్‌లో ప్యాడ్‌ను తోసే పిస్టన్‌ని వెనక్కి నెట్టాలి. దానికి ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడాలి. ప్యాడ్లు అరిగినప్పుడు ఎవరైనా ఆయిల్ నిండా పోసి ఉంటే, పిస్టన్ వెనక్కి వెళ్లేటప్పుడు అది పొంగి పెయింటు పాడుచేస్తుంది. పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ క్లాంపు (సీ ఆకారంలో ఉండే మరబిగింపు) నెమ్మదిగా బిగిస్తూ పిస్టన్‌ని నెట్టండి. డిస్కు మీద అచ్చేసి ఉన్న కనీస మందం కంటే అది సన్నబడితే కొత్త ప్యాడ్లు వేసినా దండగే. ఒక పక్క పూర్తయ్యాకే రెండోది విప్పండి, రెండు పక్కలా ఒకే సెట్టు ఉండాలి.

కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పది పన్నెండు సార్లు తొక్కాలి. మొదటి తొక్కుకి అది నేల దాకా వెళ్తుంది, గేటు దాటుతూ ఆ సంగతి తెలిస్తే గోడే ఆపుతుంది. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకునేలా ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20 వేగానికి ఎనిమిది పదిసార్లు మధ్యస్థంగా బ్రేకు వేయండి. మధ్యలో కాస్త చల్లారనివ్వాలి, వేడి మీద పెడల్ తొక్కి పట్టుకుని బండి నిలబెట్టకూడదు. ప్యాడ్ పొర ఒకే చోట డిస్కుకి అంటుకుంటే తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంకరపోయిందని చాలామంది మార్చేస్తారు గానీ, తప్పు చాలాసార్లు ఈ మొదటి పది కిలోమీటర్లలోనే జరుగుతుంది.