పళ్లు తీసేసిన స్టిక్‌తో నాలుగేళ్లు

నాలుగేళ్ల కిందట ఓ రాత్రి నా రిమోట్ హెలికాప్టర్‌ను నడిపే ట్రాన్స్‌మిటర్ (మేం రేడియో అంటాం) వెనక మూత విప్పి, ఎడమ స్టిక్ పక్కనున్న చిన్న పళ్ల రేకు తీసేశాను. దాని చోట నున్నటి రేకు బిగించాను. రెండూ పెట్టెలోనే వచ్చాయి, అంతవరకు నేను పట్టించుకోలేదంతే. ఈ నాలుగేళ్లలో హెలికాప్టర్ ఎగరేయడంలో నాకు దొరికిన సుఖంలో సగం ఆ రేకు చలవే. ఆ రేడియోకు ఎన్ని ఛానెళ్లు, ఎంత స్క్రీన్ అనేవి ఎక్కడైనా చదువుకోవచ్చు, నేను వాటి జోలికి పోను.

రిమోట్ విమానాలు ఎగరేసేవాళ్లకు ఆ స్టిక్ థ్రోటిల్, అంటే మోటారు వేగం. ఒకచోట పెట్టి వదిలేస్తే అక్కడే ఆగాలి కాబట్టి టిక్కు టిక్కుమంటూ పళ్ల మీద నిలిచేలా చేస్తారు. మన హెలికాప్టర్ వాళ్లకు అదే స్టిక్ కలెక్టివ్, అంటే రోటర్ బ్లేడ్లన్నిటి కోణం ఒకేసారి మార్చి పైకీ కిందికీ నడిపేది. గాల్లో ఉన్నంతసేపూ దానికి విశ్రాంతి ఉండదు. నా 500 సైజు హెలికాప్టర్‌కు ఐడిల్ అప్‌లో (స్టిక్ ఎక్కడున్నా రోటర్ ఒకే వేగంతో తిరిగే మోడ్) మైనస్ 11 నుంచి ప్లస్ 11 డిగ్రీల వరకు పిచ్, అంటే బ్లేడ్ల కోణం, పెట్టుకున్నాను, మొత్తం 22 డిగ్రీలు. ఓసారి పనిలేక కూర్చుని లెక్కపెడితే స్టిక్ కింది నుంచి పై దాకా 24 టిక్కులు వచ్చాయి. అంటే టిక్కుకు దాదాపు ఒక డిగ్రీ. హోవర్‌లో, అంటే గాల్లో ఒకేచోట నిలిపినప్పుడు, అది చాలా ఎక్కువ. ఒక పన్ను మీద పెడితే మెల్లగా పైకి పోతుంది, దాని కింది పన్ను మీద పెడితే మెల్లగా దిగుతుంది. నాకు కావలసిన చోటు ఎప్పుడూ ఆ రెండిటి మధ్యే ఉండేది. అక్కడ స్టిక్‌ను వేలితో బలవంతాన ఆపి ఉంచాలి, రెండు నిమిషాలకే బొటనవేలు పట్టేసేది.

ఇంకో తంటా తోకతో వచ్చేది. నేను వాడే మోడ్ 2 అనే స్టిక్‌ల అమరికలో కలెక్టివ్, తోకను తిప్పే రడ్డర్ రెండూ ఒకే స్టిక్ మీద ఉంటాయి. పన్ను దాటించడానికి కాస్త గట్టిగా నెడితే ఆ ఊపులో స్టిక్ పక్కకు కూడా కదిలేది, తోక ఓ చిన్న కుదుపు కుదిపేది. తోకను నిలకడగా ఉంచే గైరో సరిగా లేదేమోనని దాని గెయిన్ (సున్నితత్వం) పెంచాను, తగ్గించాను, తోకను కదిపే సర్వో మోటారు మార్చాను. దోషం నా బొటనవేలిదని తెలియడానికి ఏడాది పట్టింది.

రేకు మార్చాక మొదటిసారి ఎగరేసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. కంటి ఎత్తులో హోవర్ పెట్టి స్టిక్‌ను వెంట్రుకవాసి పైకి జరిపాను. హెలికాప్టర్ కూడా అంతే పైకి లేచింది. మళ్లీ అంతే దించాను, అంతే దిగింది. ఆ బ్యాటరీ మొత్తం దాన్ని అలా జానెడు పైకీ కిందికీ ఆడించడంతోనే అయిపోయింది. పక్కనున్నవాళ్లు ఏదైనా పాడైందా అని అడిగారు.

దాంతో పిచ్చి ముదిరింది. బొటనవేలి పట్టు మానేసి, బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకునే పించ్ పద్ధతికి మారాను. దానికి తగ్గట్టు పొడవాటి అల్యూమినియం స్టిక్ ఎండ్స్ (స్టిక్ చివరి పిడులు) వేశాను. స్టిక్ పొడవైతే అదే కోణానికి వేళ్లు ఎక్కువ దూరం కదలాలి, చిన్న చిన్న సవరణలు తేలికవుతాయి. రడ్డర్ స్ప్రింగ్ ఒక చుట్టు బిగించాను, కలెక్టివ్ మీద పని చేస్తున్నప్పుడు స్టిక్ పక్కకు పోకుండా. కుడి స్టిక్ మీదున్న సైక్లిక్ (హెలికాప్టర్‌ను ముందుకీ వెనక్కీ పక్కలకీ వంచేది) స్ప్రింగులను మాత్రం వచ్చినట్టే వదిలేశాను. గింబల్స్, అంటే స్టిక్‌ల కింది యంత్రాంగం, అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్‌వి, లోపల రాసుకుని అరిగేది లేదు కాబట్టి పాత రేడియోలో పొటెన్షియోమీటర్లు అరిగి సర్వోలు వణికిన గోల మళ్లీ రాలేదు. అప్పట్లో ఎవరు అడిగినా ఇదే సెటప్ పెట్టుకోమని, అల్యూమినియం ఎండ్స్ తప్పకుండా వేసుకోమని చెప్పేవాణ్ని.

మోడ్ 1 మంచిదా, మోడ్ 2 మంచిదా అన్న గొడవలో నేను దూరను. నాకు నేర్పినాయన మోడ్ 2, ఆయన రేడియోకు కేబుల్ కలిపి నేర్చుకున్నాను కాబట్టి నాదీ అదే. అసలు హెలికాప్టర్‌లోనూ ఎడమ చేతికి కలెక్టివ్, కుడి చేతికి సైక్లిక్ అని ఓ సాకు ఉంది గానీ అక్కడ తోక పని కాళ్లది. మోడ్ 1లో ఎలివేటర్ (ముందూ వెనకా వంపు), ఐలెరాన్ (పక్కల వంపు) రెండు చేతులకూ పంచి ఉంటాయి, ఒకటి ఇస్తుంటే రెండోది కలవదు. బాగుంటుందేమోనని సిమ్యులేటర్‌లో ఓ నెల పట్టుబట్టాను. మామూలుగా బాగానే వచ్చేది. ముక్కు నా వైపు తిరిగి కాస్త కంగారు పుట్టగానే చేతులు పాత దారికే పోయేవి. వదిలేశాను.

ఇక అసలు సంగతి. మూడో ఏడాదిలో ఓ మధ్యాహ్నం, మూడు నిమిషాలు ఎగరేసి, ఐడిల్ అప్‌లోనే ఉంచి, రెండు మీటర్ల ఎత్తులో హోవర్‌లోకి తెచ్చాను. చెమటకు కళ్లజోడు ముక్కు మీదకు జారింది. ఎడమ చెయ్యి స్టిక్ మీంచి తీసి కళ్లజోడు పైకి నెట్టాను. ఒక్క సెకను. చెయ్యి కిందికి వచ్చేలోపే హెలికాప్టర్ నేలకేసి కొట్టుకుంది.

పడిపోవడం వేరు. రోటర్ అదే వేగంతో తిరుగుతూ, ఎవరో పైనుంచి అదిమినట్టు కిందికి దూసుకుపోయింది. కుడి చెయ్యి సైక్లిక్ మీదే ఉంది కాబట్టి వంగకుండా సమంగా స్కిడ్ల మీద తాకింది, కానీ బ్లేడ్లు కిందికి వంగి తోక బూమ్‌ను నరికేశాయి. మోటారు ఆపే థ్రోటిల్ హోల్డ్ స్విచ్ కొట్టేసరికి అంతా అయిపోయింది. మెయిన్ షాఫ్ట్ వంగింది, ఫెదరింగ్ షాఫ్ట్ వంగింది, మెయిన్ గేర్‌కు ఓ పక్క పళ్లు రాలాయి. ఒక స్కిడ్ ఎంత వెతికినా దొరకలేదు.

సర్వో పోయిందనుకున్నాను. తర్వాత సిగ్నల్ తెగిందనుకున్నాను. ఇంటికొచ్చి ఫ్లైట్ రికార్డయిన లాగ్ తీసి చూస్తే కలెక్టివ్ విలువ ఆ సెకనులో పైనుంచి నిటారుగా కిందికి దిగిపోయి ఉంది. సిగ్నల్ ఎక్కడా తెగలేదు. రేడియో మెడకు వేలాడేసుకుని స్టిక్‌ను పైదాకా నెట్టి వదిలాను. దానంతట అదే జారి కింద టక్కుమని ఆగింది.

నున్నటి రేకు ఎంత గట్టిగా నొక్కాలో చెప్పేది వెనకున్న చిన్న స్క్రూ ఒక్కటే. ఇంకాస్త తేలిగ్గా ఉంటే బాగుండునని నెలకోసారి పావు చుట్టు వదులు చేస్తూ వచ్చింది నేనే. దానికి తోడు పొడవాటి అల్యూమినియం ఎండ్ బరువు. చివరికి స్టిక్‌ను నిలబెడుతున్నది నా వేళ్లు తప్ప రేకు కాదు. ఐడిల్ అప్ కాని మామూలు మోడ్‌లో అయితే స్టిక్ అడుగుకు జారినా పిచ్ సున్నాకు దగ్గర్లో ఆగేది, మోటారూ నెమ్మదించేది. ఐడిల్ అప్‌లో అడుగంటే పూర్తి మైనస్ 11 డిగ్రీలు, బ్లేడ్లు హెలికాప్టర్‌ను కిందికే తోస్తాయి. పళ్లు ఉన్న రోజుల్లో చెయ్యి తీసేసినా ఏమీ అయ్యేది కాదు, ఒకటో రెండో అడుగులు దిగేది అంతే. తప్పు రేడియోది అనడానికి లేదు.

పళ్ల రేకు మళ్లీ వేశానా అంటే, లేదు. ఒక వారం వేసి చూశాను, భరించలేక తీసేశాను. స్క్రూ మాత్రం ఒకటిన్నర చుట్టు బిగించాను. స్క్రూ కదలకుండా పూసే లాక్‌టైట్ లాంటివి కొన్ని ప్లాస్టిక్‌లను పగలగొడతాయి కాబట్టి వాడలేదు, స్క్రూ తల మీద, దాని పక్కన కేసు మీద మార్కర్‌తో ఒకే గీత గీశాను. మూత విప్పినప్పుడల్లా ఆ రెండు గీతలూ కలుస్తున్నాయా చూస్తాను. ఇక ప్రతిసారీ బ్యాటరీ పెట్టేముందు స్టిక్ పైకి నెట్టి, రేడియో నిటారుగా పట్టుకుని రెండుసార్లు ఊపుతాను. ఎండాకాలం, చలికాలం బిగువులో కూడా కొంచెం తేడా కనిపిస్తోంది.

మీకు ఇది నప్పుతుందా అంటే కాస్త ఆలోచించే చెప్పాలి. నేను ఎగరేసేది నెమ్మదైన ఎగురులు, పెద్ద త్రీడీ విన్యాసాలు నాకు రావు. వేళ్లు సన్నం, పించ్ పట్టు. బొటనవేళ్లతో ఎగరేసేవాళ్లకు నాకున్నంత తేలిక అక్కర్లేదేమో, నున్నటి రేకునే కొంచెం బిగించి వాడుకోవడమే మేలు. అదే రేడియోతో విమానాలు కూడా ఎగరేస్తే ఈ పని పెట్టుకోకండి, ల్యాండింగ్‌లో థ్రోటిల్ ఎక్కడుందో వేలికి తెలియాలి. అల్యూమినియం ఎండ్స్ గురించి మునుపు చెప్పింది కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. కుడి స్టిక్‌కు ఉంచుకున్నాను, స్ప్రింగ్ ఉంది కాబట్టి బరువు లెక్కలోకి రాదు. ఎడమ దానికి రేడియోతో వచ్చిన పొట్టి ప్లాస్టిక్‌దే వేశాను. చూడ్డానికి జత కుదరదు. కళ్లజోడుకు మాత్రం వెనకనుంచి ఓ తాడు కట్టుకున్నాను.