శెనక్కాయ గింజలకు ఫైబర్ ప్రోబ్: చాలాకాలం వాడాక

అనంతపురం శెనక్కాయల్లో అఫ్లటాక్సిన్ (బూజు వదిలే విషం) అనుమానమున్న గింజలను పట్టుకోవడానికి కట్టుకున్న సెట్టు ఇది: 365 నానోమీటర్ల (యూవీ) ఎల్ఈడీ, మధ్య ఫైబరు (వెలుగు మోసే సన్న గాజు పోగు) చుట్టూ ఆరు ఫైబర్లున్న ప్రోబ్ (ఒక్కోటి 400 మైక్రాన్లు, ఎన్ఏ, అంటే వెలుగు విచ్చుకునే కోణం కొలత, 0.22), వెలుగును రంగులుగా విడదీసి కొలిచే చిన్న స్పెక్ట్రోమీటర్. అందరూ డబ్బంతా స్పెక్ట్రోమీటర్ మీదే పెడతారు. పని చెడేది, బాగుపడేది ప్రోబ్ కొన దగ్గర.

కొనను గింజకు ఆనిస్తే సిగ్నల్ దాదాపు ఉండదు. ఆరు ఫైబర్ల వెలుగు పడే చోటు, మధ్య ఫైబర్ చూసే చోటు అంత దగ్గర్లో కలవవు. కొంచెం పైకి లేపితే పెరిగి, ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గర గరిష్ఠానికి చేరి, మళ్ళీ తగ్గుతుంది. ఆ గరిష్ఠం దగ్గరే, దూరం మారకుండా నిలిపే స్పేసరు బిగించండి. అక్కడైతే గింజ ఎత్తు కాస్త మారినా రీడింగ్ పెద్దగా కదలదు. గింజ మీద నుంచి అద్దంలా తిరిగొచ్చే తళుకు లోపలికి రాకుండా ప్రోబ్‌ను 45 డిగ్రీలు వంచమంటారు. సరైన మాటే, కానీ కొన 6 మిల్లీమీటర్ల లావుంటే అంచు ముందే తగులుతుంది, దూరం 3 మిల్లీమీటర్లకు తగ్గదు. 3 మిల్లీమీటర్ల లావు కొన అడిగి తీసుకోండి.

అఫ్లటాక్సిన్ బి1 నీలంగా, 425 నానోమీటర్ల దరిదాపుల్లో వెలుగుతుంది. తెల్ల కాగితం, సబ్బుపొడితో ఉతికిన గుడ్డ నూగు కూడా అక్కడే వెలుగుతాయి. గింజల కింద ఎ4 కాగితం వేశారా, ఆ రీడింగులు పారేయాల్సిందే. కొనలోని ఎపాక్సీ (ఫైబర్లను అంటించే జిగురు) కూడా వెలుగుతుంది కాబట్టి ఖాళీ నల్ల డెల్రిన్ (ఒక ప్లాస్టిక్) మీద గింజ లేని రీడింగ్, అంటే బ్లాంక్, తీసుకుని దాన్ని గింజ రీడింగులోంచి తీసివేయాలి. యూవీని ఆపి పొడవు తరంగాలను వదిలే లాంగ్‌పాస్ ఫిల్టరు రంగు గాజుదైతే యూవీకి తానే వెలుగుతుంది. పలుచని పూతలతో పనిచేసే ఇంటర్‌ఫెరెన్స్ రకం మేలు. ఎల్ఈడీ వెలుగుకు 400 నానోమీటర్లు దాటి కూడా తోక ఉంటుంది, దాని ముందు బ్యాండ్‌పాస్ (ఒక ఇరుకు పట్టీ వెలుగునే వదిలే ఫిల్టరు) తప్పనిసరి.

మన ఎండాకాలంలో ఎల్ఈడీ వెలుగు తగ్గుతుంది, డార్క్ సిగ్నల్ (వెలుగు లేకున్నా స్పెక్ట్రోమీటర్ చూపే రీడింగ్) పెరుగుతుంది. ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి, ప్రతి ట్రేకూ డార్క్ మళ్ళీ తీయాలి. కొలత మధ్యలో ఫైబరును కదపకూడదు, 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా ఇరుకుగా చుట్టకూడదు.

ఎర్ర పొట్టు యూవీని మింగేస్తుంది, బూజు తరచూ రెండు బద్దల మధ్యే దాగుతుంది. అందుకే పొట్టు తీసి, గింజను చీల్చి లోపలి వైపు చూడాలి. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) ప్రాసెసింగుకు వెళ్ళే శెనక్కాయలకు పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాముల మొత్తం అఫ్లటాక్సిన్లు. ఆ సంఖ్య ఈ ప్రోబ్ ఇవ్వలేదు. చెడ్డ గింజను వేరుచేయడం వరకే దీని పని, సర్టిఫికెట్టుకు హెచ్‌పీఎల్‌సీకే (ల్యాబులో విషం మోతాదు కొలిచే పరీక్ష) పంపాలి.