మొదటి కారు, చేతిలో 40 వేలు: టైర్లా, అలాయ్‌లా?

మా మేనల్లుడు పోయిన వేసవిలో కారు కొన్నాడు. 2018 మోడల్ మారుతి స్విఫ్ట్, వీఎక్స్ఐ వేరియంట్, పెట్రోలు, సెకండ్ హ్యాండ్. అప్పటికి 62 వేల కిలోమీటర్లు తిరిగింది. వాడికి 23 ఏళ్లు, ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. బండి ఇంటికొచ్చిన రోజే ఫోన్లో ఒక జాబితా చూపించాడు: 15 అంగుళాల అలాయ్‌లు (రేకు చక్రాల బదులు వేసే మిశ్రలోహపు చక్రాలు), నల్ల ఫిల్ము, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, డిక్కీలో ఊఫర్, సైలెన్సరు చివర లావుపాటి గొట్టం. దాచుకున్నది 40 వేలు. "మామయ్యా, రేపు ఆటోనగర్ పోదాం. నువ్వు పక్కనుంటే రేటు సరిగ్గా చెప్తారు" అన్నాడు. మాది విజయవాడ. మా ఆటోనగర్‌లో దొరకని వస్తువంటూ లేదు, ఇవ్వని సలహా అంతకన్నా లేదు.

పోదాంలే అన్నాను గానీ, ముందు ఒక గంట బండి చుట్టూ తిరిగి చూడమన్నాను. టైరు పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివర ఉండే నాలుగు అంకెలే టైరు పుట్టిన తేదీ. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వాడి టైర్ల మీద 0918 అని ఉంది. అంటే 2018లో తొమ్మిదో వారం. నాలుగూ బండితో పాటు వచ్చినవే. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మలుంటాయి, టీడబ్ల్యూఐ (అరుగుదల హద్దు) గుర్తు చూపించేది వాటినే. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. పై రబ్బరు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే టైరు పని అయిపోయినట్టు. ముందు రెండు టైర్లూ దాదాపు ఆ స్థితికే వచ్చాయి. పక్క గోడల మీద ఎండకు సన్నటి పగుళ్లు కూడా.

"అలాయ్ వేస్తే ఎలాగూ కొత్త టైర్లు వేయాలిగా, రెండు పనులూ అయిపోతాయి" అన్నాడు. మాట బాగానే ఉంది. లెక్కే కుదరలేదు.

అలాయ్‌లా, పాత రేకు చక్రాలకే కొత్త టైర్లా?

వీఎక్స్ఐకి కంపెనీ ఇచ్చే సైజు 165/80 ఆర్14. అంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. ఇదే కారు పై వేరియంట్లకు 185/65 ఆర్15 ఇస్తారు. మొదటిదాని మొత్తం వ్యాసం 619.6 మిల్లీమీటర్లు, రెండోదానిది 621.5. కాబట్టి 15 అంగుళాల రిమ్ములకు ఆ సైజు టైర్లే వేస్తే స్పీడోమీటరుకు తేడా తెలియదు. స్టెప్నీ 14 అంగుళాలదే ఉన్నా ఎత్తు దగ్గర దగ్గరే కాబట్టి పంచర్ షాపు దాకా నడిపించుకు పోవచ్చు. ఆటోనగర్‌లో ఒకాయన "కొంచెం లావుగా ఉంటే గ్రిప్పు సార్" అంటూ 195/65 ఆర్15 అంటగట్టబోయాడు. దాని వ్యాసం 634.5. అంటే రెండు శాతం పైనే పెద్దది. స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, పికప్ మందగిస్తుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకునే ప్రమాదమూ ఉంది. అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఇక గుంటల సంగతి. 165/80లో టైరు పక్క గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు, 185/65లో 120. గుంటలో పడ్డప్పుడు దెబ్బను మింగేది ఆ గోడే. రేకు రిమ్ము వంగితే సుత్తితో సరిచేసి ఇస్తారు. అలాయ్ పగిలితే, ముఖ్యంగా చౌకరకం నకిలీది అయితే, పారేయడమే. అయితే అలాయ్‌లంటే ఒట్టి షోకు అని నేను అనను. మంచి కంపెనీవి తేలిగ్గా ఉంటాయి, అంచు దగ్గర గాలి లీకు తక్కువ, చూడ్డానికి బాగుంటాయి కూడా. 23 ఏళ్లప్పుడు బాగుండటం చిన్న విషయం కాదు.

మాకు చెప్పిన ధరలు: మంచి అలాయ్‌లు నాలుగూ 26 వేలు, వాటికి 15 అంగుళాల టైర్లు ఇంకో 22 వేలు. మొత్తం 48 వేలు. అదే పాత రిమ్ములకు 14 అంగుళాల టైర్లు ఒక్కోటి 4,700 చొప్పున నాలుగు 18,800. వాడు మధ్యేమార్గం వెతికాడు: 14 వేలకు పేరులేని అలాయ్‌లు, వాటికి ఉన్న పాత టైర్లే. అక్కడ మాత్రం నేను గట్టిగా అడ్డుపడ్డాను. వానలో బ్రేకు వేస్తే బండి ఆగేది రిమ్ము మీద కాదు.

టైర్లే కొన్నాం. కొనేటప్పుడు ఆ నాలుగు అంకెలు మళ్లీ చూడండి. షాపులో రెండేళ్లుగా పడున్న సరుకును కొత్తదని చెప్పి ఇవ్వడం మామూలే. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంటుకు ఇంకో 1,200.

నైట్రోజనా, మామూలు గాలా అంటారా? మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్టిక్కరు మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు, పదిహేను రోజులకోసారి అంత కొట్టించండి, చాలు.

కంపెనీ సర్వీసా, షెడ్డు మెకానిక్కా?

ఇందులో ఒక్క జవాబు లేదు. బండి వారంటీలో ఉంటే ఆలోచించక్కర్లేదు, కంపెనీకే వెళ్లాలి. వాడిది ఏడేళ్ల బండి, వారంటీ ఎప్పుడో పోయింది. అయినా మొదటిసారి కంపెనీ సర్వీసుకే పంపాను. పాత యజమాని అక్కడే చేయించి ఉంటే ఆ చరిత్ర కంప్యూటర్‌లో ఉంటుంది, కిలోమీటర్లు వెనక్కి తిప్పారేమో తేలిపోతుంది. ఆ మోడల్‌కు కంపెనీ రీకాల్ (తయారీ లోపం సరిచేయడానికి బండ్లను వెనక్కి పిలవడం) ఏదైనా ఇచ్చిందేమో ఛాసిస్ నంబరుతో చూస్తారు. ఉంటే ఉచితంగా చేసిస్తారు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలిగితే కూడా అక్కడే మేలు.

వాళ్లతో వచ్చిన చిక్కు ఎస్టిమేటు కాగితంతోనే. మామూలు సర్వీసుకు ఇచ్చిన బండికి ఇంజన్ డీకార్బనైజింగ్, ఇంటీరియర్ షాంపూ, అడుగున యాంటీ రస్ట్ కోటింగ్, ఏసీ సువాసన, ఇలా ఒక్కో వరుసా చేరుతూ పోయింది. వాడు మొహమాటంతో అన్నిటికీ తలూపుతున్నాడు. నేను పెన్ను తీసుకుని కొట్టేశాను. బ్రేక్ ఆయిలు, ముందు బ్రేక్ ప్యాడ్లు మాత్రం ఉంచాను. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడే కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోవడానికి అదొక కారణం. రెండేళ్లకోసారి మార్పించాలి. పాత బండి కొన్నవాళ్లలో ఈ పని గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. ఈ రెంటికీ కలిపి 3,200.

ఆయిలు మార్పు, ఎయిర్ ఫిల్టరు, బల్బులు, బ్యాటరీ లాంటివాటికి నాకు షెడ్డే ఇష్టం. పక్కనే స్టూలు వేసుకుని కూర్చోవచ్చు. పాత పార్టు చేతికిస్తారు, అరుగుదల చూపిస్తారు. ఒక్క షరతు: ఆయిలూ ఫిల్టర్లూ మీరే కొని తీసుకెళ్లండి. ఈ తరం మారుతి పెట్రోలు ఇంజన్లకు 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిలు వాడాలి. మాన్యువల్‌లో గ్రేడు రాసి ఉంటుంది. షెడ్డులో డ్రమ్ము నుంచి పోసే చిక్కటి ఆయిలు పాత అంబాసిడర్లకు సరిపోయిందేమో గానీ దీనికి కాదు. ఆయిలు, ఫిల్టర్లు, కూలీ అన్నీ కలిపి 3,500 అయింది.

ఇంట్లో చేసుకోవాల్సింది చాలా తక్కువ. ఆదివారం పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూడటం, కూలెంట్ డబ్బాలో మట్టం చూడటం, వైపర్ నీళ్లు పోయడం. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత జోలికి మాత్రం పోవద్దు. మొహం కాలుతుంది. కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్లు పోసే అలవాటు కూడా మానాలి, మన నీళ్లకు లోపల ఉప్పు పేరుకుంటుంది.

ఎల్‌ఈడీలా, ఎక్కువ వాట్ల బల్బులా, ఉన్నవేనా?

ఈ విషయంలో నా మాటకు కాస్త బరువుంది, ఎందుకంటే నేను కాల్చుకున్నవాణ్ని. నా మొదటి కారు మారుతి 800. హైదరాబాద్ నుంచి రాత్రిపూట వస్తుంటే లైటు చాలట్లేదని 60/55 వాట్ల బల్బులు తీసి 100/90 వాట్లవి పెట్టించాను. రిలే (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే స్విచ్చు), విడి వైరింగ్ ఏవీ లేవు, పాత వైర్లకే. రెండు వారాలు వెలుగు చూసి మురిసిపోయాను. మూడో వారం సూర్యాపేట దాటాక కాలిన వాసన వచ్చి రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి. హోల్డర్లు కరిగి ముద్దయిపోయాయి. ఒక లారీ వెనక దాని ఎర్ర లైట్లు పట్టుకుని కోదాడ దాకా వచ్చాను. ఆ గంట ఎలా గడిచిందో ఇప్పటికీ చెప్పలేను.

ఎల్‌ఈడీతో ఆ బాధ ఉండదు, కరెంటు తక్కువే లాగుతుంది. దాని చిక్కు వేరు. వెనకున్న అద్దపు గిన్నెను హాలోజన్ ఫిలమెంట్ ఎక్కడ ఉంటుందో లెక్కపెట్టి తయారు చేస్తారు. అదే గిన్నెలో ఎల్‌ఈడీ ముక్క పెడితే వెలుగు రోడ్డు మీద కన్నా ఎదుటివాడి కళ్లలో ఎక్కువ పడుతుంది. వానలో అయితే ఆ తెల్లటి వెలుగు నీటి తెర మీదే ఆగిపోతుంది, రోడ్డు కనబడదు. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చే బండ్ల సంగతి వేరు, వాటి దీపం నిర్మాణమే వేరుగా ఉంటుంది.

వాడి బండిలో అసలు లోపం బల్బుది కానే కాదు. ఎండకు హెడ్‌లైటు పై ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారింది. పాలిష్ పట్టించి, అదే వాట్ల కొత్త హాలోజన్లు వేయించి, గోడ ముందు నిలబెట్టి ఎత్తు సరిచేయించాం. కొత్త వైపర్ రబ్బర్లతో కలిపి 1,900. ఆ రాత్రి కరకట్ట మీద నడిపి వచ్చి "ఇంతే సరిపోయిందా!" అన్నాడు.

నల్ల ఫిల్మా, ఎండ పట్టానా?

2012లో సుప్రీంకోర్టు అద్దాలకు ఫిల్ము అంటించడాన్నే తప్పుపట్టింది. నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు పోవాలి. ఆ తర్వాత నిబంధనలు కొంత మారాయి, వాదనలూ నడుస్తున్నాయి. అయితే వాడడిగిన కటిక నలుపు ఏ లెక్కలోనూ పట్టదు. వాడి అసలు గోల "ఏసీ చల్లబడట్లేదు" అని. డ్యాష్‌బోర్డు పెట్టె వెనకున్న ఫిల్టరు తీస్తే మట్టిగడ్డలా ఉంది. అది మార్చి, బండి ముందున్న కండెన్సర్‌ను (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) నీళ్లతో కడిగించగానే గాలి తోసుకొచ్చింది. పార్కింగ్‌లో ముందద్దానికి అడ్డం పెట్టుకునే మెరుపు పట్టా ఒకటి వాళ్లమ్మ కొనిచ్చింది.

సైలెన్సరు గొట్టం, ముందు బంపర్‌కు ఇనప గార్డు, ఈ రెండింటి గురించి ఎక్కువ చెప్పను. శబ్ద కాలుష్యం కేసులో మొదటిసారికే జరిమానా 10 వేల దాకా ఉంది. గార్డులను కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దంది. గుద్దినప్పుడు బండి ముందుభాగం నలిగి దెబ్బను మింగాలి, ఎయిర్‌బ్యాగ్‌కు సంకేతం అందాలి. మధ్యలో ఇనప కడ్డీ ఉంటే ఆ లెక్క తప్పుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని తేల్చింది. అదే ఏడాది చట్ట సవరణలో ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. వీటన్నిటికన్నా నాకు భయం ఇన్సూరెన్సు గురించి. చెప్పకుండా చేసిన మార్పు యాక్సిడెంట్ రోజున సర్వేయర్ కంటపడితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

మరి మోడిఫికేషన్ అంటే అంతా వద్దేనా అని వాడు మొహం ముడుచుకున్నాడు. అలా కాదు. నేనొక్కటే అడుగుతాను: రేపు దీన్ని పీకేస్తే బండి మళ్లీ పాత రూపానికి వస్తుందా? వైరు కత్తిరించి టేపు చుట్టి పెట్టే స్టీరియో రాదు. అదే స్టీరియో ఆ మోడల్‌కు సరిపడే కప్లర్లతో (వైరు కత్తిరించకుండా తగిలించే ప్లగ్గులు) వస్తే పీకిన రోజు ఏ గాయమూ మిగలదు. ఊఫర్ గొడవ వచ్చే ఏడాదికి వాయిదా వేశాం. డ్యాష్‌క్యామ్ మాత్రం నేనే ముందు చెప్పాను, కార్డుతో కలిపి 5,400. చార్జింగ్ సాకెట్‌లో పెడితే చాలు. మన రోడ్ల మీద తప్పు ఎవరిదో గట్టిగా అరిచినవాడే తేలుస్తాడు, కొత్త డ్రైవరుకు అరవడం రాదు. డిక్కీలో ఉంచుకోడానికి 12 వోల్టుల గాలి పంపు, జంపర్ కేబుళ్లు 2,600.

మొత్తం కూడితే 36,600. మిగిలిన 3,400 వాడి చేతికే ఇచ్చి, ఇక నీ ఇష్టంరా అన్నాను. మర్నాడు సాయంత్రం గేటు ముందు కొత్త హారన్ మోగింది. విండ్‌టోన్ హారన్ల జత, రిలేతో, కంపెనీ కప్లర్‌కే తగిలించుకున్నాడు. పాతది పారేశావా అని అడిగాను. "డిక్కీలో ఉంది మామయ్యా" అన్నాడు.