కరీమా, లెబ్రానా: ఎవరి ఘనత మేలు?

2023 ఫిబ్రవరి 7 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో, అంటే మనకు 8వ తేదీ ఉదయం బడిగంట కొట్టాక, అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ వెనక్కి వాలుతూ వేసిన ఒక జంప్ షాట్‌తో కరీమ్ అబ్దుల్ జబ్బార్ పేర ఉన్న 38,387 పాయింట్ల రికార్డు చెరిగిపోయింది. అక్కడి వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏలో అందరికంటే ఎక్కువ పాయింట్లు చేసినవాడన్న పేరు 1984 ఏప్రిల్ నుంచి దాదాపు 39 ఏళ్లపాటు కరీమ్‌దే. ఆ రాత్రి అతడు కోర్టు పక్కనే కూర్చుని ఉండి, తన రికార్డును దాటినవాడికి తన చేతులతోనే బంతి అందించాడు. అప్పటి నుంచి అమలాపురంలోనైనా, పాలకొల్లు, భీమవరాల్లోనైనా, కాలేజీ మైదానం పక్కన సిమెంటు కోర్టు ఉన్న ప్రతిచోటా ఈ వాదన తీరిపోయిందన్నట్టే కుర్రాళ్లు మాట్లాడుతున్నారు. "దాటేశాడు కదండీ మాస్టారూ, ఇంకా ఆ పాతాయన ఊసెందుకండీ?" అన్నది వాళ్ల ప్రశ్న. దాటిన మాట నిజమే. అయితే మొత్తం పాయింట్లలో దాటడం, ఘనతలో దాటడం ఒకటేనా అన్నది నింపాదిగా తూచి చూడవలసిన విషయం.

ముందు అంకెలనే చూద్దాం. కరీమ్ 1969 నుంచి 1989 వరకు 20 సీజన్లు ఆడాడు. లెబ్రాన్ 2003లో అడుగుపెట్టి, 2022-23తో 20 సీజన్లు పూర్తిచేశాడు. ఆనాటికి అతడి లెక్క 1,421 ఆటల్లో 38,652 పాయింట్లు, కరీమ్ లెక్క 1,560 ఆటల్లో 38,387. సీజన్లు సమానంగా తీసుకుంటే ఇద్దరి మధ్య తేడా 265 పాయింట్లు మాత్రమే. లెబ్రాన్‌కు అది పది ఆటల పని. ఆటకు సగటున ఎన్ని పాయింట్లని చూస్తే లెబ్రాన్‌కు 27.2, కరీమ్‌కు 24.6. ఇక్కడ లెబ్రాన్ స్పష్టంగా ముందున్నాడు.

అయితే కరీమ్ ఎన్‌బీఏకు వచ్చేనాటికి అక్కడ త్రీ పాయింటర్ గీత, అంటే అవతల నుంచి వేసిన షాట్‌కు రెండుకు బదులు మూడు పాయింట్లు ఇచ్చే గీత, లేదు. 1979-80 సీజన్‌లో దాన్ని గీశారు. గీత వచ్చిన తరువాత కూడా, ఎప్పుడూ బాస్కెట్‌కు దగ్గరగా ఆడే సెంటర్ కనుక, ఆ 20 ఏళ్లలో అతడు వేసిన త్రీ పాయింటర్ ఒకే ఒక్కటి. లెబ్రాన్ తన మొదటి 20 సీజన్లలో వేసిన త్రీలు రెండు వేల రెండు వందలకు పైమాటే. ఆ షాట్లన్నిటికీ రెండేసి పాయింట్లు మాత్రమే ఇచ్చి చూస్తే అతడి మొత్తం సుమారు 36,400కు దిగుతుంది, అప్పుడు కరీమ్ దాదాపు రెండు వేల పాయింట్ల ముందుంటాడు. ఈ లెక్కను కరీమ్ అభిమానులు ఇక్కడితో ఆపేస్తారు. ఆపకుండా మరో అడుగు వేసి ఆ 36,400ను 1,421 ఆటలకు పంచితే సగటు 25.6 వస్తుంది, అంటే అదనపు పాయింటు తీసేసినా ఆటకు ఒక పాయింటు లెబ్రాన్‌దే పైచేయి. పైగా గీత లేకపోతే అతడు అంత దూరం నుంచి అన్ని షాట్లు వేసేవాడే కాదు, రింగు దగ్గరికి దూసుకుపోయేవాడు. కాబట్టి త్రీ పాయింటర్ వల్లే గెలిచాడనే వాదన నాకు పూర్తిగా ఒప్పుదల కాదు.

మరి సగటు తక్కువ ఉన్నవాడు మొత్తంలో ఎలా సరితూగాడంటే, ఎక్కువ ఆటలు ఆడి. 139 ఆటలంటే దాదాపు రెండు సీజన్లు. ఈ తేడాలో కొంత లెబ్రాన్ చేతిలో లేనిది: యజమానులకూ ఆటగాళ్లకూ ఒప్పందం కుదరక 2011-12 సీజన్ 66 ఆటలకు కుదించుకుపోయింది, కోవిడ్ కాలంలో మరో రెండు సీజన్లు కురచబడ్డాయి. మిగిలినది గాయాల వల్ల జరిగినది. లాస్ ఏంజెలెస్‌కు మారాక 2018-19లో 55 ఆటలు, 2020-21లో 45, ఆ తరువాతి రెండు సీజన్లలో 56, 55 ఆటలే ఆడగలిగాడు. కరీమ్ మాత్రం 82 ఆటల సీజన్లను దాదాపు పూర్తిగా ఆడుతూ వచ్చాడు. అతడు బాగా కోల్పోయిన సీజన్లు రెండే, 1974-75, 1977-78, ఆ రెండింటికీ కారణం సొంత కోపమే. మొదటిసారి కంటికి దెబ్బ తగిలిన కోపంలో బాస్కెట్ స్తంభాన్ని గుద్ది కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు, రెండోసారి సీజన్ తొలి ఆట మొదలైన రెండు నిమిషాలకే ఎదుటి సెంటర్‌ను గుద్ది మళ్లీ అదే చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నెమ్మదస్తుడని పేరున్న మనిషికి అవి రెండూ తీరని నష్టాలే.

వయసు విషయంలో మొగ్గు కరీమ్ వైపే. లెబ్రాన్ హైస్కూలు నుంచి నేరుగా వచ్చి 18 ఏళ్లకే ఎన్‌బీఏలో ఆడాడు. కరీమ్ కాలంలో కాలేజీ చదువు అయ్యేదాకా ఆగవలసిందే, కనుక నాలుగేళ్లు యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో ఉండి, మూడు జాతీయ టైటిళ్లు గెలిచి, 22 ఏళ్లకు లీగ్‌లోకి వచ్చాడు. ఆ నాలుగేళ్లలో ఒక్క పాయింటు కూడా ఎన్‌బీఏ లెక్కలోకి రాదు. 42 ఏళ్లు వచ్చేదాకా ఆడి, ఆలస్యంగా మొదలైన ఆ లోటును చివర్లో పూడ్చుకున్నాడు. ఆ వయసులో, అందులోనూ అప్పటి వైద్యంతో, సెంటర్‌గా రింగు కింద ఒరుసుకుంటూ ఆడటం మామూలు విషయం కాదు.

విల్ట్ చాంబర్లిన్‌ను ఈ పోటీలోకి ఎందుకు దించలేదని పెద్దవాళ్లు అడుగుతారు. 1962 మార్చి 2న హెర్షీ పట్టణంలో న్యూయార్క్ నిక్స్ మీద ఒక్కడే 100 పాయింట్లు చేశాడు, ఆ సీజన్ మొత్తానికి అతడి సగటు 50.4. ఆ రెండు అంకెల దరిదాపులకు తరువాత ఎవరూ రాలేదు. అయితే 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను డెల్టా మొత్తం ఇప్పటికీ చెప్పుకుంటుంది కానీ, నీటి తీరువా కట్టేది మాత్రం కాలువల్లో ఏటా పారే నీటికే. ఇక్కడ మనం తూచేది వృత్తి జీవితం మొత్తాన్ని, ఒక్క ఏటి ఉధృతిని కాదు. అదీగాక ఆ రోజుల్లో ఆట వేగం వేరు: జట్లు ఆటకు వందకు పైగా షాట్లు వేసేవి, విల్ట్ దాదాపు ఒక్క నిమిషం కూడా బెంచీ మీద కూర్చునేవాడు కాదు. అతడి మొత్తం 31,419 పాయింట్లు. కరీమ్ 1984లో దాటినది దాన్నే.

అంకెలు ఇలా ఎటూ తేల్చనప్పుడు ఆటనే చూడాలి. కరీమ్ ఆటకు మూలం స్కై హుక్. రింగుకు ఎదురుగా నిలబడడు, పక్కకు తిరుగుతాడు. ఎడమ భుజం ప్రత్యర్థికీ బంతికీ మధ్య గోడలా ఉంటుంది. ఎడమ కాలి మీద లేస్తూ కుడిచేతిని మోచెయ్యి వంగకుండా తిన్నగా పైకి చాచి, చెయ్యి పూర్తిగా సాగిన తరువాత మణికట్టు విదిలింపుతో బంతిని వదులుతాడు. 7 అడుగుల 2 అంగుళాల మనిషి అంత ఎత్తు నుంచి, అదీ ఒక భుజం అడ్డంపెట్టి వదిలిన బంతిని ఆపాలంటే ఎదుటివాడు ఎంత ఎగిరినా చేతికి అందదు, భుజం మీదుగా పోతే ఫౌల్. అతడు కాలేజీలో ఉండగానే 1967లో అక్కడ డంక్‌ను, అంటే ఎగిరి బంతిని చేత్తోనే రింగులోకి కుక్కడాన్ని, నిషేధించారు. తనను దృష్టిలో పెట్టుకునే చేశారని చాలామంది అన్న ఆ నిషేధమే అతడు ఈ షాట్‌కు మరింత పదును పెట్టడానికి కారణమైంది. అన్ని వేల పాయింట్లు చేసిపెట్టిన ఈ షాట్‌ను తరువాతి తరం దాదాపు వదిలేయడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

లెబ్రాన్‌కు అలాంటి ఒకే ఒక్క ఆయుధం లేదు. అది లోపమని కొందరంటారు కానీ, అతడి బలమంతా అక్కడే ఉంది. 6 అడుగుల 9 అంగుళాల ఎత్తు, అంతకు తగ్గ కండబలం ఉన్న మనిషి పాయింట్ గార్డ్‌లా బంతి నడిపిస్తూ, తన మీదికి ఇద్దరు రాగానే అవతలి మూల ఒంటరిగా నిలబడిన సహచరుడి గుండెల మీదికి కోర్టు అడ్డంగా పాస్ విసిరే దృశ్యం అతడికి ముందు అరుదు. 2024 మార్చి 2న 40,000 పాయింట్లు దాటినప్పుడు, అది విల్ట్ వంద పాయింట్లు చేసిన తేదీయేనన్న సంగతి అలా ఉంచితే, అతడి ఖాతాలో రీబౌండ్లూ (రింగులో పడకుండా తిరిగొచ్చిన బంతిని అందుకోవడం), అసిస్టులూ (సహచరుడి స్కోరుకు దారితీసిన పాసులు) కూడా పదేసి వేలకు పైగానే ఉన్నాయి. ఈ మూడూ కలిపి ఇంకెవరికీ లేవు. కరీమ్‌కు రీబౌండ్లు 17,440 ఉన్నా, అసిస్టులు 5,660 మాత్రమే.

2016 ఫైనల్స్ సంగతి చెప్పకుండా లెబ్రాన్‌ను తూచితే అన్యాయమే అవుతుంది. లీగ్ దశలో 73 ఆటలు గెలిచి వచ్చిన గోల్డెన్ స్టేట్ మీద లెబ్రాన్ జట్టు క్లీవ్‌లాండ్ ఏడు ఆటల సిరీస్‌లో 1-3తో వెనకబడి, ఆ తరువాత వరుసగా మూడు ఆటలు గెలిచింది. అంత వెనక నుంచి వచ్చి ఫైనల్స్ గెలిచిన జట్టు అంతకు ముందు లేదు. ఆ సిరీస్‌లో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాకుల్లో ఇరు జట్లలోనూ అందరికంటే ముందున్నది లెబ్రానే. ఏడో ఆటలో రెండు నిమిషాలు కూడా మిగలని వేళ, స్కోరు 89-89 వద్ద, గోల్డెన్ స్టేట్ ఆటగాడు ఆండ్రె ఇగుడాలా రింగు దగ్గర లేఅప్‌కు లేచాడు. వెనక నుంచి పరుగున వచ్చిన లెబ్రాన్ ఆ బంతిని బోర్డుకేసి కొట్టి ఆపాడు. దాన్ని మా కుర్రాళ్లు ఫోన్లలో ఎన్నిసార్లు చూసి ఉంటారో చెప్పలేను.

టైటిళ్ల లెక్కలో ఒక చిత్రం ఉంది. ఇద్దరూ పదేసి సార్లు ఫైనల్స్ ఆడారు. కరీమ్ ఆరు గెలిచి నాలుగు ఓడాడు, లెబ్రాన్ నాలుగు గెలిచి ఆరు ఓడాడు. ఫైనల్స్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డులు చూస్తే లెబ్రాన్‌కు నాలుగు, కరీమ్‌కు రెండు. అంటే లెబ్రాన్ గెలిచిన ప్రతిసారీ ప్రధానంగా తానే గెలిపించాడు. కరీమ్ పక్కన మొదట ఆస్కార్ రాబర్ట్‌సన్, తరువాత మ్యాజిక్ జాన్సన్ ఉన్నారు. జట్టు ఆటలో టైటిళ్లను ఒక్కడి పద్దులో రాయడం నాకు ఎప్పుడూ నచ్చదు కాబట్టి ఈ తక్కెడను ఇక్కడే వదిలేస్తున్నాను.

నా తీర్పుకు ఆధారం సీజన్ ఎంవీపీ అవార్డు. పాయింట్లను కాలం మారుస్తుంది, నియమాలు మారుస్తాయి, ఆట వేగం మారుస్తుంది. ఎంవీపీని మాత్రం ఆ ఏడు, అవే నియమాల కింద, అదే వేగంతో ఆడినవాళ్లతో పోల్చి ఇస్తారు. అందువల్ల రెండు కాలాల మధ్య పోలికకు ఇంతకంటే నమ్మదగిన కొలత నాకు కనిపించలేదు. కరీమ్‌కు ఆ అవార్డులు ఆరు: 1971, 72, 74, 76, 77, 80. ఇన్ని మరెవరికీ లేవు. బిల్ రసెల్‌కూ మైకేల్ జోర్డాన్‌కూ అయిదేసి, విల్ట్‌కూ లెబ్రాన్‌కూ నాలుగేసి. ఇంకా ముఖ్యమైన విషయం, 1980 దాకా ఈ అవార్డుకు ఓటు వేసింది విలేకరులు కాదు, లీగ్‌లోని ఆటగాళ్లే. విల్ట్ సగటున 50 పాయింట్లు చేసిన 1962లో సైతం వాళ్లు రసెల్‌నే ఎన్నుకున్నారంటే, అంకెలు చూసి మురిసిపోయే ఓటర్లు కారని తెలుస్తుంది. అలాంటివాళ్లు, రాత్రి తమ మీద స్కై హుక్ వేసి వెళ్లినవాడికే ఆరుసార్లు ఓటు వేశారు. 1976లో అయితే అతడి జట్టు ప్లేఆఫ్స్‌కు, అంటే టైటిల్ కోసం పోటీపడే దశకు, కూడా చేరలేదు, అయినా ఎంవీపీ అతడే.

దీనికి రెండు అభ్యంతరాలు ఉన్నాయి, రెండింటిలోనూ పస ఉంది. 1976 దాకా అమెరికాలో ఏబీఏ అనే రెండో లీగ్ నడిచింది, మంచి ఆటగాళ్లు కొందరు అక్కడ ఉండిపోయారు, కాబట్టి కరీమ్‌కు పోటీ తగ్గిందంటారు. అవార్డుల్లో నాలుగింటి విషయంలో అది ఒప్పుకోవాలి. కానీ రెండు లీగులూ కలిసిన తరువాతి తొలి సీజన్‌లోనే, అంటే 1977లో, మళ్లీ 1980లో గెలిచింది అతడే. రెండో అభ్యంతరం లెబ్రాన్ తరఫున: 2009 నుంచి 2013 లోపు నాలుగుసార్లు ఇచ్చేసరికి విలేకరులకు మొహం మొత్తి, తరువాత అర్హత ఉన్నా కొత్తవాళ్ల వైపు చూశారని. అది చాలావరకు నిజమేనని నేనూ అనుకుంటాను. ఒకటి కలిపి అయిదు చేద్దామన్నా ఆరు కాదు.

కాబట్టి నా వరకు మొత్తం పాయింట్ల రికార్డు లెబ్రాన్‌దే, దాన్ని ఎవరూ తీసెయ్యలేరు, 2025-26లో 23వ సీజన్ ఆడిన మనిషి ఓపికను ఎంత పొగిడినా తక్కువే. అయితే తనతో ఆడినవాళ్లందరి మధ్య ఎంత ఎత్తున నిలిచాడన్నదే కొలత అయితే కరీమ్‌దే మేలు. తేడా పెద్దది కాదు, లెబ్రాన్‌కు రెండు ఎంవీపీలు ఎక్కువ వచ్చి ఉంటే ఈ వ్యాసం తిరగబడేది.

కోర్టులో దిగే పిల్లలు ఎవరిని చూసి నేర్చుకోవాలన్నది మరో ప్రశ్న, దానికి జవాబు వేరు. మన దగ్గర ఆరడుగుల కుర్రాడే సెంటర్‌గా నిలబడవలసి వస్తుంది కాబట్టి, చూడవలసింది లెబ్రాన్ పాసులే. బంతి తన చేతికి రాకముందే ఎవరు ఎక్కడున్నారో అతడి కళ్లు ఎలా వెతుకుతాయో గమనిస్తే చాలు. కరీమ్ నుంచి తీసుకోదగ్గది స్కై హుక్ కాదు, చిన్నతనంలో ఆ షాట్‌కు పునాది వేసిన మైకన్ డ్రిల్: రింగు కింద నిలబడి కుడివైపు నుంచి కుడిచేత్తో, కింద పడనివ్వకుండా అందుకుని ఎడమవైపు నుంచి ఎడమచేత్తో, మార్చి మార్చి వేయడం. దానికి ఎత్తు అక్కర్లేదు, రెండో ఆటగాడు కూడా అక్కర్లేదు. అయిదు నిమిషాల్లోనే ఎడమచేతి బలహీనత బయటపడుతుంది కాబట్టి పిల్లలు దాన్ని తప్పించుకోవాలని చూస్తారు, మాస్టార్లు తప్పించుకోనివ్వకూడదు.