నైట్రోజన్ మెంబ్రేన్ లీక్ చెకింగ్ సర్వీసు: పనితనం బాగుంది, రిపోర్టే దండగ

మా ఫార్మా యూనిట్‌లో సాల్వెంట్ ట్యాంకులకు నైట్రోజన్, మెంబ్రేన్ స్కిడ్ (కంప్రెస్ చేసిన గాలిని సన్నటి బోలు ఫైబర్ల గుండా పంపి, ఆక్సిజన్‌ని వేరుచేసి నైట్రోజన్ ఇచ్చే యంత్రం) నుంచే వస్తుంది. ప్యూరిటీ మీటర్ బానే చూపిస్తున్నా కంప్రెసర్ మాత్రం తెరిపి లేకుండా తిరుగుతోందని ఈ లీక్ చెకింగ్ వాళ్లని పిలిచాం.

వచ్చినతను ప్యూరిటీ జోలికే పోలేదు, ఒక్కో మాడ్యూల్ (ఆ ఫైబర్ల కట్ట ఉండే గొట్టం) వేస్ట్ గాలి పైపు దగ్గర ఆక్సిజన్ మీటర్ పెట్టుకుంటూ పోయాడు. మెంబ్రేన్ బాగుంటే ఆక్సిజన్ ఫైబర్ గోడ దాటి అటే పోతుంది కాబట్టి అక్కడ మామూలు గాలిలోని 21 శాతం కన్నా బాగా ఎక్కువ ఉండాలి, మిగతావన్నీ 35 పైన ఉంటే ఒక్కటి మాత్రం 23 దగ్గరే ఆగింది, పైగా అందులోంచి గాలి బుస్సుమని వస్తోంది. లోపల ఫైబర్లు తెగి, కంప్రెస్ చేసిన గాలి దొడ్డిదారిన పోతోందన్నమాట. సబ్బునీళ్లతో ఇది దొరకదు, అది బయటి జాయింట్లకే. ఆ మాడ్యూల్ వాల్వులు కట్టేశాక కంప్రెసర్ దారికొచ్చింది.

(ఆ పైపు దగ్గర ఆక్సిజన్ ఎక్కువ, సిగరెట్టు వెలిగించే మహానుభావులు దూరంగా ఉండండి.)

చిరాకల్లా రిపోర్టుతోనే. రెండు లైన్లు రాసిచ్చారు, మాడ్యూల్ వారీ రీడింగులు లేవు. అవి లేకపోతే వచ్చేసారి దేంతో పోల్చుకుంటాం? పిలిచేవాళ్లు ముందే అడిగి రాయించుకోండి. చార్జీ కూడా కాస్త ఎక్కువే.