ఫోస్టెక్స్ టి50ఆర్‌పి మార్క్ 3: మరలు విప్పగలిగినవారికే తగిన హెడ్‌ఫోన్

జపాన్‌కు చెందిన ఫోస్టెక్స్ సంస్థ తన ఆర్‌పి శ్రేణి మూడో తరంలో ఒకే తరహా డ్రైవర్‌ను, అంటే ధ్వనిని పుట్టించే భాగాన్ని, చెవిని కప్పే మూడు రకాల కప్పుల్లో అమర్చింది. టి20ఆర్‌పి వెనుకభాగం తెరిచి ఉంటుంది, టి40ఆర్‌పి పూర్తిగా మూసి ఉంటుంది, ఇక్కడ సమీక్షిస్తున్న టి50ఆర్‌పి ఈ రెండింటికీ మధ్యస్థం. ధ్వనిలో డ్రైవర్ పాత్ర ఎంత, దానిని మోసే కప్పు పాత్ర ఎంత అని తెలుసుకోగోరేవారికి ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని వినడం కంటే మంచి పాఠం లేదు.

పలుచని పాలిమర్ పొర మీద రాగి వాహకాన్ని పరిచి, దానిని అయస్కాంతాల నడుమ నిలిపిన ప్లేనార్ డ్రైవర్ ఇది. పొర దాదాపు అంతా ఒకేసారి కదులుతుంది కనుక గాత్రం, వయొలిన్ చాలా శుభ్రంగా వినిపిస్తాయి. అయితే కొన్నది కొన్నట్లుగా వింటే మృదంగం ఎడమ మూత నాదంలో నిండుదనం తగ్గుతుంది, పై స్థాయిల్లో కొంత గరుకుదనం తోస్తుంది. ఈ లోపాలలో ఎక్కువ భాగం డ్రైవర్‌వి కావు, కప్పువి. మిస్టర్ స్పీకర్స్, జడ్‌ఎంఎఫ్ వంటి సంస్థలు తొలిరోజుల్లో టి50ఆర్‌పి పాత తరం హెడ్‌ఫోన్‌నే సవరించి అమ్మి పేరు తెచ్చుకున్నాయంటే కారణం అదే.

సవరణ ఇయర్ ప్యాడ్‌లతో మొదలుపెట్టడం ఉత్తమం. లోతైన తోలు ప్యాడ్‌లు చెవి చుట్టూ గాలి చొరబడకుండా మూసివేయడం వల్ల కింది స్థాయి (బాస్) బలపడుతుంది. వెల్వెట్ ప్యాడ్‌లు హాయిగా ఉన్నా, వాటి గుండా గాలి పోయి ఆ బలం కరిగిపోతుంది. తర్వాత కప్పు సంగతి: డ్రైవర్ వెనుకవైపు వెలువడే ధ్వని ప్లాస్టిక్ గోడకు తగిలి తిరిగి వచ్చి అసలు ధ్వనిలో కలుస్తుంది కాబట్టి, దానిని పీల్చుకోవడానికి పలుచగా దూదినో ఫెల్ట్‌నో పరుస్తారు, గోడ కంపించకుండా లోపల బంకమట్టి వంటి బరువైన ముద్దను అద్దుతారు. దూది విషయంలో అత్యాశ పనికిరాదు. కప్పు నిండా కుక్కితే ధ్వనిలోని ప్రాణం పోతుంది. గాలిరంధ్రాలను టేపుతో కొంచెం కొంచెంగా మూస్తూ, ప్రతి మార్పు తర్వాత తెలిసిన పాటనే మళ్లీ వినాలి. పూర్తిగా మూస్తే లోపలి గాలి బిగుసుకుని, అనునాదం పైకి జరిగి, మొత్తం ధ్వని స్వరూపమే మారిపోతుంది. రెండు కప్పుల్లోనూ పదార్థాన్ని తూచి సమానంగా వేయకపోతే గాయకుడు ఒక పక్కకు ఒరిగినట్లు వినిపిస్తాడు. చాలామంది పట్టించుకోని సంగతి ఇది.

దీని ఇంపెడెన్స్ (విద్యుత్తుకు చూపే నిరోధం) 50 ఓమ్‌లు, సున్నితత్వం (ఇచ్చిన శక్తికి పుట్టే ధ్వని తీవ్రత) మిల్లీవాట్‌కు 92 డెసిబెల్స్. ఫోన్‌కు తగిలించే, 1 వోల్టు ఇచ్చే చిన్న డాంగిల్ నుంచి దీనికి అందేది 20 మిల్లీవాట్లు, అంటే సుమారు 105 డెసిబెల్స్. సినిమా పాటలకు అది చాలు, కానీ మెల్లని ఆలాపనకూ తనిఆవర్తనానికీ మధ్య తేడాను నిలిపిన కచేరీ రికార్డింగులకు ఇరుకే. అందువల్ల ధరను బేరీజు వేసేటప్పుడు ప్యాడ్‌ల ఖర్చుతోపాటు ఒక మంచి యాంప్లిఫయర్ ఖర్చునూ కలుపుకోవాలి. అంత శ్రమ వద్దనుకునేవారు ఇదే ధరలో మరో హెడ్‌ఫోన్ చూసుకోవడం మేలు.