శుక్రుడి గాలి, మన గాలి

మంచిర్యాల సున్నపురాయి ముక్క మీద రెండు చుక్కలు యాసిడ్ వేయండి, బుసబుసమని నురగ వస్తుంది. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. ఒకప్పుడు గాలిలో తిరిగిందే! వాన దాన్ని కరిగించి కిందికి తెచ్చింది, సముద్రం రాయిగా మార్చింది. అగ్నిపర్వతాలు కొంత తిరిగి వదులుతుంటాయి, ఇప్పుడు సిమెంటు బట్టీలు కూడా.

శుక్రుడు సైజులో దాదాపు మన భూమంతే. కానీ అక్కడ నీళ్లు నిలవలేదు. ఎండకు ఆవిరి విడిపోయి, తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారుకుంది. మిగిలినదాంట్లో బరువైన హైడ్రోజన్ (డ్యుటీరియం, అంత తేలిగ్గా జారుకోలేని రకం) వాటా మన సముద్రాల్లో కన్నా 100 రెట్లకు పైనే ఉండటం దానికి గట్టి సాక్ష్యం. వాన లేకపోతే కార్బన్ డయాక్సైడ్ రాయిలోకి ఎలా చేరుతుంది? అందుకే అక్కడి గాలిలో 96 శాతం అదే, ఒత్తిడి మనకన్నా సుమారు 90 రెట్లు. నా దృష్టిలో అసలు తేడా నీళ్లదే.